వదిన బిళ్లకు నేనిచ్చిన సెలవు

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది నన్ను కాపాడటానికి మా వదిన చెప్పిన అబద్ధం.

ముందు నా సంగతి చెప్పాలి. నూజివీడు చుట్టుపక్కల మామిడి గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. గొప్పలు పోతున్నాననుకోండి, పరవాలేదు. ఈ ఏడు పూత మందు పోయాలా వద్దా అని చాట్రాయి నుంచి కూడా వచ్చి నన్నే అడుగుతారు. చెట్టు మొదట్లో పోసే ఆ మందు చిగురు హార్మోన్‌ను అణచి పూత తెప్పిస్తుంది. ఏటా పోస్తే చెట్టు నీరసిస్తుంది. అందుకే మధ్యలో ఒక ఏడు ఆపుతాను. నా తోట నన్నెప్పుడూ తలదించుకోనివ్వలేదు.

వదినకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఐదేళ్లపాటు రోజుకొక బిళ్ల వేసుకోమన్నారు. నెలసరి ఆగిపోయినా ఒంట్లోని కొవ్వులో ఈస్ట్రోజెన్ తయారవుతూనే ఉంటుందట. ఆమెది ఆ హార్మోన్‌తో పెరిగే రకం. బిళ్ల ఆ తయారీని అడ్డుకుంటుంది. ఇదంతా ఇంట్లో అందరికంటే ముందు నాకే అర్థమైంది. మన పూత మందు లాంటిదే కదా అనుకున్నాను.

రెండో ఏడు ఆమెకు కీళ్లు పట్టేశాయి. పొద్దున్నే వేళ్లు ముడుచుకునేవి కావు. ఆవకాయ ముక్కలు కొట్టలేక కత్తిపీట ముందు కూర్చుని ఏడ్చింది.

"ఒక ఏడు ఆపెయ్యి వదినా. చెట్టుకైనా రెస్టిస్తాం కదా," అన్నాను.

"డాక్టరు గారిని అడగొద్దా?"

"నేను చెప్తున్నాగా."

ఆపింది. వేళ్లు తేలికపడ్డాయి. నేను మీసం మెలేశాను. మరుసటి ఏడు నడుము నొప్పన్నది. క్యాన్సర్ ఎముకకు పాకింది.

"ఎవరు మానమన్నారమ్మా?" అని డాక్టరు గారు అడిగారు.

"ఎవరూ అనలేదండీ. నేనే మర్చిపోయా," అంది వదిన.

ఫైలు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. నోరు తెరవలేదు. భయమా? కాదు. అన్నయ్య ముందు, ఊరి ముందు, ఏమీ తెలియనివాడిగా మిగలడం నాకు చేతకాలేదు. బిళ్ల మానకపోయినా తిరగబెట్టేదేమో, కచ్చితంగా చెప్పలేమన్నారు డాక్టరు గారు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు హాయిగా తిరిగాను కూడా.

వదిన పోయి నాలుగేళ్లు. మతిమరుపుతో ప్రాణం మీదికి తెచ్చుకుందని అన్నయ్య ఇప్పటికీ విసుక్కుంటాడు. నా భార్య కూడా అదే అంటుంది. వదిన మరిచిపోయే మనిషి కాదు. నేను మానమనేదాకా ఒక్క రోజూ మానలేదు.

అన్నయ్యకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది. తేలికపడే హక్కు నాకుందా?