లోపం చెప్పని పరీక్ష

1987లో నేను పటాన్‌చెరు దాటాక బొంబాయి రోడ్డు పక్కనున్న ఒక ఊళ్ళో, జిల్లా పరిషత్ హైస్కూలులో సోషల్ టీచర్‌ని. జొన్నచేలు తగ్గిపోతూ ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్న రోజులవి. పొద్దున బడికి వచ్చే పిల్లలకు, నైట్ షిఫ్టు దిగి ఇంటికి పోయే తండ్రులు దారిలో ఎదురయ్యేవారు. పాఠాలతోపాటు నాకు ఇంకో పని కూడా అంటగట్టారు, అది బాలికల సేవా క్లబ్బు. పైసా లాభం లేని పని కాబట్టి మిగతా టీచర్లెవరూ దాని జోలికి రాలేదు. నాకు మాత్రం ఆ పనంటే ప్రాణం.

క్లబ్బు సంగతి తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. తెల్ల చొక్కా, మెడలో నీలం స్కార్ఫు. ఆరేడుగురు పిల్లల జట్టును పెట్రోల్ అనేవాళ్ళం, జట్టుకు ముందుండే పిల్ల పెట్రోల్ లీడర్. ప్రథమ చికిత్స, తాడుతో ముడులు వేయడం, ఊళ్ళో చిన్నపిల్లలకు గోళ్ళు తీయడం, బావుల్లో బ్లీచింగ్ పౌడరు కలపడం, ఇలా ఒక్కో పని నేర్చుకుని పరీక్ష పాసైతే ఒక్కో బ్యాడ్జి, అంటే చొక్కా చేతిమీద కుట్టుకునే గుడ్డబిళ్ళ. బ్యాడ్జిలన్నీ పూర్తయితే జిల్లా నుంచి ప్రశంసాపత్రం వచ్చేది. అది చేతిలో ఉంటే నర్సు ట్రైనింగు సీట్లలో కొంచెం మొగ్గు చూపిస్తారని పైవాళ్ళు మాతో చెప్పేవారు.

ఆ మాట గట్టిగా పట్టుకున్న పిల్ల మణెమ్మ. పదో తరగతి. ఇల్లు ఊరి చివర మాదిగవాడలో. తల్లి కూలికి పోయేది, తండ్రి కంపెనీలో లోడింగ్ పని. పది కాగానే బిడ్డను గడ్డపోతారంలో మందుల కంపెనీలో ప్యాకింగుకు పెట్టాలని తండ్రి ఆలోచన. నేను పోయి మాట్లాడితే, ఆ కాగితం తెచ్చుకుంటే నర్సు చదువుకు పంపిస్తానని ఒప్పుకున్నాడు. ఇక ఆ పిల్లను చూడాలి! ఎక్కాల్లా క్లబ్బు నియమాలన్నీ వల్లించేది. దెబ్బ తగిలిన పిల్ల కనబడితే చాలు, కట్టు కట్టేదాకా వదిలేది కాదు. ఒకసారి నా చూపుడువేలికి చాకు గీసుకుంటే, ఎందుకే అని నేను మొత్తుకుంటున్నా వినకుండా మోచేతిదాకా కట్టేసింది.

అన్ని బ్యాడ్జిలూ వచ్చాయి, ఒక్క వంట బ్యాడ్జి మిగిలింది. దాని పరీక్ష డిసెంబరులో సంగారెడ్డిలో జరిగిన క్యాంపులో పెట్టారు. ప్రతి పెట్రోలూ మూడు రాళ్ళ పొయ్యి వేసుకుని వండాలి. పరీక్ష చేయడానికి వచ్చినవాళ్ళు తిని, ఒక్క లోపమైనా పైకి చెప్పాలి. వండిన పిల్ల ఆ లోపం విని, థాంక్స్ చెప్పాలి. పొగడ్త వినడం అందరికీ వచ్చు, తప్పు చెబితే నవ్వుతూ వినడమే నడవడిక అని మా క్లబ్బు పద్ధతి. నాకు చాలా నచ్చిన పద్ధతి అది.

పరీక్ష చేయడానికి వచ్చినావిడ ఒక పెద్ద ఆఫీసరుగారి భార్య, భూములున్న కుటుంబం. క్లబ్బులో ఆవిడది గౌరవ పదవి, మేమంతా మేడమ్ అనేవాళ్ళం. ముందుగా మా ఊరి పటేల్ మనవరాలి పెట్రోల్ దగ్గర కూర్చుంది. పులిహోర తిన్నది, ఇంకాస్త వేయించుకుని మరీ తిన్నది. పులుపు జెర ఎక్కువైంది బిడ్డా అంది. ఆ పిల్ల థాంక్స్ చెప్పింది. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

తర్వాత మణెమ్మ పొయ్యి. అన్నం, పుంటికూర (గోంగూర) పప్పు, పచ్చిపులుసు. వాసనకే నా కడుపులో ఆకలి లేచింది. మేడమ్ నిలబడే పేరడిగింది, ఊరడిగింది, తండ్రి పేరడిగింది, ఇల్లు ఊళ్ళో ఎటువైపు అని అడిగింది. వంట పరీక్షలో ఇల్లు ఎటువైపైతే ఏం? మణెమ్మ దాచకుండా చెప్పింది. ఆవిడ పళ్ళెం వంక చూసి, ఈరోజు శనివారం, నాకు ఒక్కపొద్దు అంది. గిన్నెలు శుభ్రంగా ఉన్నాయని మెచ్చుకుని, మార్కుల కాగితంమీద పదికి పది వేసింది. మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది. పక్క పొయ్యి దగ్గర తిన్న పులిహోర ఆవిడ మూతికింకా అంటుకునే ఉంది.

నేను నోరు తెరిచేలోపే మణెమ్మ అడిగింది. పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని, చాలా మర్యాదగా.

"లోపం చెప్పలేదు మేడమ్."

"లోపమేం లేదమ్మా. ఫుల్ మార్కులు వేసిన గద."

"తినకుంటె ఎట్ల తెలుస్తది మేడమ్? జెర నోట్లె ఏసుకోని చెప్పుండ్రి. ఒక్క ముద్ద."

ఆవిడ మొహం ఎర్రబడింది. నన్ను పక్కకు పిలిచి, ఇదేనా మీరు నేర్పే క్రమశిక్షణ అని నిలదీసింది. మార్కులు ఎక్కువ వేసినా తప్పేనా అంది.

"పిల్ల మార్కులు అడగలేదు మేడమ్, ముద్ద అడిగింది. పద్ధతి కూడా అదే," అన్నాను.

"మా ఇంట్ల పద్ధతులు మాకుంటయి టీచర్."

అక్కడికక్కడే కాగితం తిరిగి తీసుకుని మార్కులు కొట్టేసింది. నడవడిక అనే గడిలో, పెద్దలపట్ల వినయం లేదు అని రాసి సంతకం పెట్టింది. ఆ మధ్యాహ్నం నేను మణెమ్మ పెట్రోల్‌తోనే కూర్చుని తిన్నాను. పప్పులో ఉప్పు కాస్త తక్కువైందని చెప్పాను. మణెమ్మ థాంక్స్ టీచర్ అంది, ఆ మాట అంటున్నప్పుడే ఏడ్చింది.

జిల్లా ఆఫీసుకు ఫిర్యాదు రాశాను. పరీక్షాధికారి నిర్ణయమే అంతిమమని జవాబు వచ్చింది. మా హెడ్మాస్టరు మంచివాడే, కానీ ఎందుకొచ్చిన లొల్లి టీచర్, ఆ పిల్లతో సారీ చెప్పించెయ్యరాదా అన్నాడు. మేడమ్ నుంచి కూడా కబురొచ్చింది, సారీ చెబితే బ్యాడ్జి ఇస్తుందట. ఎంత పెద్ద మనసో చూడండి! నేను మణెమ్మను కూర్చోబెట్టి సంగతంతా విడమరిచి చెప్పాను. సారీ చెబితే కాగితం వస్తుంది, కాగితంతో నర్సు సీటుకు దారి దొరుకుతుంది, చెప్పకపోతే మీ నాయన ప్యాకింగుకు పంపిస్తాడు, ఏది చేసినా నేను నీ పక్కనే ఉంటాను అన్నాను.

"తప్పు చేస్తె చెప్తుంటి టీచర్. అడుగుడే తప్పయితె, గా నియమాలు మాతోని ఎందుకు సదివిచ్చిన్రు?"

ఆ పిల్లతో సారీ చెప్పించనని హెడ్మాస్టరుతో చెప్పేశాను.

పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైంది. కాగితం లేకుండానే నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టించాను, సీటు రాలేదు. కాగితం ఉంటే వచ్చేదని ఒట్టేసి చెప్పలేను, కానీ ఆ అనుమానం నన్ను వదల్లేదు. తండ్రి అన్నమాట ప్రకారం ఎండాకాలంలోనే ప్యాకింగుకు పెట్టాడు. కాగితం ఇప్పించలేకపోయింది మేమే కాబట్టి ఆయన్ని ఏమనగలను? మేడమ్‌కు మాత్రం ఆ ఏడాదే ఉత్తమ సేవకు శాలువా కప్పారు. ఆ సభలో మా క్లబ్బు పిల్లలే వరుసగా నిలబడి పూలు చల్లాలని ఆర్డరు వచ్చింది. నేను పిల్లల్ని పంపలేదు. మరుసటి జూన్‌లో క్లబ్బును నా చేతిలోంచి తీసి ఇంకొకరికి అప్పగించారు.

చాలా ఏళ్ళకు పటాన్‌చెరు బస్టాండులో మణెమ్మ కనబడింది. షిఫ్టుకు పోయే తొందరలో ఉంది. నన్ను చూసి బస్సు వదిలేసుకుంది. ఇద్దరు పిల్లలనీ, పెద్దది ఏడో తరగతనీ చెప్పింది. నేనే ఉండబట్టలేక ఆనాటి మాట ఎత్తాను. సారీ చెప్పి ఉంటే బాగుండేదని ఎప్పుడైనా అనిపించిందా అని అడిగాను.

"బ్యాడ్జి పోయిందని బాధ లేదు టీచర్," అంది. "ఆమె ఒక్క ముద్ద తిని, బాగలేదని ఫెయిల్ చేసినా సంబురపడుదును."

ఇంతలో ఇంకో బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషిని, ఈ అనుభవం ఏం నేర్పిందని అడిగితే ఏదో ఒక మంచిమాట చెప్పాలి. నాకు మంచిమాట రావడం లేదు. పిల్లలకు సేవ చేయడం నేర్పడం సులువు, ఎంత చెబితే అంత నేర్చుకుంటారు. వాళ్ళు వండి పెడితే చేయి చాచి తీసుకోవడం పెద్దవాళ్ళకు నేర్పాలి. అందుకు ఏ బడిలోనూ క్లబ్బు పెట్టలేదు.