గోధుమ రాని గది

మా వదినను వీధిలో అందరూ రొట్టెలమ్మ అనేవారు. రొట్టెల కొట్టు మా అన్న పేరు మీదే ఉన్నా, పిండి పిసికే బల్ల మాత్రం ఆవిడది. తలకు గుడ్డ కట్టుకుని, మోచేతుల దాకా పిండితో ఆవిడ ముద్దను బల్ల మీద వేసి కొడితే కిటికీ రెక్కలు అదిరేవి. కొత్త పనివాళ్ళు మెత్తమెత్తగా చెయ్యి పెడితే, "పిండిని బతిమాలతారేమిటి? గదమాయించండి" అనేది.

అలాంటి మనిషి ఉన్నట్టుండి వంగిపోయింది. కడుపుబ్బరం, విరేచనాలు, నోటినిండా పుళ్ళు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఒంట్లో రక్తం లేదని ఐరన్ బిళ్ళలు మింగించారు. సీసాలు ఖాళీ అయ్యాయి గానీ రక్తం పెరగలేదు. నీరసానికి మంచిదని మా అన్న వేడి రొట్టెను పాలలో ముంచి దగ్గరుండి తినిపించేవాడు. అది తిని ఆవిడ ఇంకా నీరసపడేది.

చివరకు ఒక డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. గొంతులోంచి గొట్టం దింపి, పేగు ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం చెప్పిన రోజు తోడుగా నేను వెళ్ళాను.

"దీన్ని సీలియాక్ అంటారు. పేగు లోపల తువ్వాలు మీద నూగులాంటిది ఉంటుందమ్మా. తిన్న సారాన్ని పీల్చుకునేది అదే. గోధుమలోని జిగురు లోపలికి రాగానే మీ ఒళ్ళు పగవాడొచ్చాడనుకుని కత్తి దూస్తోంది. ఆ దెబ్బలన్నీ మీ పేగుకే తగిలి నూగు అరిగిపోయింది. ఇంక బిళ్ళలు ఎక్కడ వంటబడతాయి?"

"మందేమిటి?" అని అడిగింది వదిన.

"మందు లేదు. గోధుమ, బార్లీ, రై ధాన్యం మానెయ్యడమే. బతికినన్నాళ్ళూ. చిటికెడు కూడా కూడదు. మానేస్తే నూగు మళ్ళీ మొలుస్తుంది."

వదిన నవ్వింది. "ఆ జిగురు సాగితేనే నా రొట్టె పొంగేది. అదే నన్ను తింటోందా? సరే, దాని సంగతి చూద్దాం."

ఇంటికి రాగానే మా అక్క అందుకుంది. "ఇంత ముక్క తింటే ఏమైపోతావే మరదలా? మా రోజుల్లో ఈ రోగాలున్నాయా?"

"ఉన్నాయి వదినగారూ. పేరు పెట్టకుండానే పాతిపెట్టారు."

ఆ తర్వాత రొట్టె ముక్క ముట్టలేదు ఆవిడ. అన్నం, మొక్కజొన్న, బంగాళదుంపలతో సరిపెట్టుకుంది. కొంత తేరుకుంది కూడా. అయినా మళ్ళీ రక్తపరీక్ష చేస్తే ఫలితం బాగా రాలేదు. చాటుగా తింటోందని డాక్టరమ్మ అనుమానించలేదు, కేకలెయ్యలేదు. పొద్దున కొట్టు తలుపు తీసింది మొదలు ఏమేం చేస్తుందో చెప్పమంది.

వదిన చెప్పింది. పిండి జల్లిస్తుంది, కలుపుతుంది, పిసుకుతుంది. ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి ప్రతి ముద్దలోంచీ చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంటుంది.

"మింగను లెండి. ఉమ్మేస్తాను."

రుచి చూడడం తినడం కిందికి రాదని రొట్టెలు చేసేవాళ్ళ నమ్మకం. అది తప్పని మా కొట్టులో ఎవరికీ తోచలేదు.

"ఉమ్మినా కొంత లోపలికి పోతుందమ్మా. అది మానినా, గాల్లో లేచే పిండి ఉంది కదా. ముక్కులోకి, నోట్లోకి పోయేదంతా చివరికి చేరేది కడుపులోకే."

ఇంటికొచ్చాక విషయం విన్న అన్న, "ఇన్నాళ్ళు చేసింది చాలు. ఇంట్లో విశ్రాంతి తీసుకో" అన్నాడు.

"చచ్చాక ఎలాగూ విశ్రాంతేగా. ఇప్పణ్ణించీ ఎందుకు? నన్ను పొయ్యి దగ్గర్నించి లేపడం మీ వల్ల కాదు, ఆ రోగం వల్లా కాదు."

కొట్టును ఆనుకుని సామాన్ల గది ఒకటి ఉండేది. దాన్ని ఖాళీ చేయించి, గోడలు గీకించి, సున్నం వేయించింది. కొట్టులోకి ఉన్న తలుపు మూసి, వీధివైపు వేరే గుమ్మం పెట్టించింది. పాత గిన్నె ఒక్కటి కూడా లోపలికి రాలేదు. గోధుమలు ఆడిన మరలో బియ్యం ఆడించనని తిరగలి కొనుక్కుంది. రోగాలతో పోరాడినవాళ్ళ గురించి పుస్తకాల్లో చాలా చదివాను. జల్లెడ కడుక్కుంటూ పోరాడినవాళ్ళు మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ తగల్లేదు.

బియ్యప్పిండితో చేసిన మొదటి రొట్టెను అన్న గుమ్మంలోంచే అందుకుని, వేలితో కొట్టి చూశాడు.

"దీంతో మేకులు దిగ్గొట్టొచ్చే."

"ముందు మీ నోటికి దిగ్గొడతాను. ఇటివ్వండి."

జిగురు లేని పిండి ముద్ద కట్టదు. గదమాయిస్తే పగిలిపోతుంది. ఎన్నో రొట్టెలు పాడయ్యాక, నానిన అవిసెగింజలు కలిపి, పిండిని జారుగా అచ్చుల్లో పోయడం పట్టుబడింది. రొట్టె పొంగింది. గోధుమరొట్టెలా గొప్పగా పొంగలేదు గానీ, కోస్తే విరగలేదు. అదే జబ్బున్న ఒకావిడ, దర్జీ భార్య, అవతలి పేట నుంచి వెతుక్కుంటూ వచ్చి, గుమ్మంలోనే నిలబడి, సగం రొట్టె తినేసి మరీ బేరమాడింది. వదిన పైసా తగ్గించలేదు.

ఆ తర్వాతి పరీక్షలో ఫలితం మామూలుగా వచ్చింది. అన్న పొంగిపోయాడు.

"తగ్గిపోయిందిగా. రేపట్నించి మన గదిలోకి వచ్చెయ్. పనివాళ్ళ చేతిలో పిండి మాట వినడం లేదు."

"రోగం ఎక్కడికీ పోలేదండీ. గుమ్మం బయట నిలబెట్టాను, అంతే. తలుపు తీస్తే వచ్చి కూర్చుంటుంది."

"ఇంత మొండితనమేమిటే నీకు?"

"మొండిదాన్ని కాబట్టే మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాను."

అన్నకు కోపం వచ్చింది. రెండు గదుల మధ్య తలుపు తోసుకుని లోపలికి అడుగుపెట్టబోయాడు. వదిన అట్లకాడ అడ్డం పెట్టి ఆయన చొక్కా వైపు చూపించింది. భుజాల నుంచి అంచు దాకా తెల్లగా పిండి. ఆయన కాసేపు తన చొక్కా తానే చూసుకుని వెనక్కి తగ్గాడు.

మర్నాడు వదిన మేస్త్రీని పిలిపించి ఆ తలుపు తీయించేసింది. ఆ ఖాళీలో ఇటుకలు పేరుస్తుంటే అన్న గొణుక్కుంటూనే ఒక్కొక్కటీ అందించాడు. చివరి వరస పూర్తయ్యాక, అవతలి నుంచి వదిన గొంతు వినిపించింది.

"పైన ఎడమ మూల వేలు పట్టేంత సందు మిగిలిందండీ. అదీ పూడ్చమనండి."