ప్రార్థన చేయించిన మాత్ర

దక్షిణాఫ్రికాలో అందరూ ఓటేసిన తొలి ఎన్నికలైన ఆ చలికాలం, మా సైనిక దళం పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఊరి అవతల కొండ మీది క్యాంపులో దిగింది. గడ్డి మీద మంచు. ఆరు గుడారాలు, ఒక నీళ్ల ట్యాంకర్. ఓట్లు వేయడం అయిపోయింది గానీ కింద లోయలో రెండు పార్టీల వాళ్లు ఒకరి ఇళ్లు ఒకరు తగలబెట్టుకోవడం ఆగలేదు. పొద్దున ఆరింటికి గస్తీ. మా నార్త్‌డేల్ ఇల్లు గంట దూరమే. అయినా అది నేనెరగని దేశం.

మా డ్రైవరుది మార్‌బర్గ్ అనే ఊరు. మాలాగే తాతలనాడు ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబం. ఇంటిపేర్లు వేరు గనక నన్ను బావా అనేవాడు. కాలిన ఇంట్లోంచి శవాలు మోసిన రోజు నుంచి వాడికి కునుకు లేదు. నిద్ర సుఖమెరగదంటారు. వీడు నిద్రనే ఎరగడు.

దళంలో వైద్యం చూసే మెడిక్ నిద్రమాత్రలిచ్చాడు. "మూడు రాత్రులే. రాత్రంతా పడుకునే వీలుంటేనే వేసుకో. బీరు ముట్టకు, ఇంకే నిద్రమాత్రా కలపకు. పొద్దున మత్తుగా ఉంటే బండి తీయకు, నాకు చెప్పు."

"యెస్, డాక్."

రెండు రోజులు హాయిగా పడుకున్నాడు. జోకులు కూడా వేశాడు.

మూడో రాత్రి తర్వాత గస్తీకి బయల్దేరాం. పొగమంచు. నేను పక్క సీట్లో ఉన్నాను. కొండ దిగువన మలుపు వచ్చింది. వాడి కళ్లు తెరిచే ఉన్నాయి, చేతులు కదలలేదు.

"డ్రైవర్! ఎడమకి!"

పలకలేదు. స్టీరింగ్ నేనే లాగాను. బండి గట్టుకు గుద్దుకుని ఆగింది. ముందు చక్రం కింద పసుపు బక్కెట్. నీళ్లు పారుతున్నాయి. అది మోసుకొచ్చిన మనిషి కనబడలేదు.

"హావు!"

అయ్యబాబోయ్ అన్నట్టు అరుస్తూ పక్క గడ్డిలోంచి ఒక జూలూ ముసలమ్మ లేచింది. దెబ్బ తగల్లేదు.

డ్రైవరు నా వైపు తిరిగాడు. "బావా, మనం ఎప్పుడు స్టార్ట్ అయినాం?"

కొండంతా బండి దింపిన మనిషి అడిగిన మాట అది!

క్యాంపులో వాడి సంచీలో ఊరగాయ సీసా, దాంతోపాటు తల్లి పంపిన మాత్రల పొట్లం దొరికాయి. రాత్రి రెండు రకాలూ వేసుకున్నాడు.

"అమ్మవి వేరే, డాక్. పాస్టర్ చెయ్యి పెట్టి ప్రేయర్ చేసేడు. ఏం హార్మ్ చెయ్యవు."

"పేరే వేరు. మందు ఒకే రకం. మత్తు రెట్టింపు," అన్నాడు మెడిక్. బండి తాళం తీసుకుని జేబులో వేసుకున్నాడు.

డ్యూటీ ముగిశాక వాణ్ని మార్‌బర్గ్‌లో దించాను. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని అందులో మాత్రల పొట్లం పెట్టింది.

"నీకూ నిద్ర లేదంట గదా, నాయనా. నీకు గూడా ప్రేయర్ చేయించినా."

వాడు తల దించుకున్నాడు. తల్లికి ఏమీ చెప్పలేదన్నమాట.

"అత్తా, నీ ప్రేయర్ తీసుకుంటా. మాత్రలు నీ దగ్గరే ఉంచు."

ఇప్పటికీ కళ్లు మూస్తే ఆ మలుపే కనిపిస్తుంది, ముసలమ్మ గడ్డిలోంచి లేవకముందే ఆగిపోతుంది. చక్రం కింద బక్కెట్, పారుతున్న నీళ్లు, చుట్టూ ఎవరూ లేరు.