కాళ్లు లేచిన మంచె

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, భద్రాచలం దారిలో అడవి అంచున హాస్టల్ భవనాల పనులు చూసే ఇంజనీరుని నేను. వేంసూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి. ఉద్యోగం కొత్తది, కోపం మాత్రం పాతదే.

అక్కడ ఒక ఆడపిల్లల హాస్టల్ వెనక రెండు నీళ్ల ట్యాంకులు ఉండేవి. ఒక్కోటి నాలుగు మద్ది కట్టెల మంచె మీద, మనిషికి రెండింతల ఎత్తున. రెండు మంచెలూ కట్టింది పక్క గూడెం వడ్రంగి పెద్దాయనే. మొదటిది నేను రాకముందు కట్టాడు. పాతితే చెదలు పడతాయని నాలుగు కాళ్లనూ బండరాళ్ల మీద ఊరికే నిలబెట్టాడు. గట్టిగా తోస్తే ఊగేది. దాన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండేది. అందుకే రెండోదానికి నేనే డ్రాయింగ్ గీశాను. కింద కాంక్రీటు దిమ్మెలు, ఇనుప పట్టీలు, ఒక్కో కాలికి రెండేసి బోల్టులు. పెద్దాయన మురిసిపోయాడు. వచ్చినవాళ్లందరికీ దాన్నే చూపించేవాడు. మొదటిదాని మాటెత్తితే సిగ్గుపడేవాడు.

ఒకరోజు పొద్దున, పిల్లలు ముందువైపు ప్రార్థనలో ఉండగా భూమి అదిరింది. నేను వెళ్లేసరికి నా మంచె కూలి ఉంది. కాళ్లు సరిగ్గా బోల్టు రంధ్రాల దగ్గరే చీలాయి. కింద ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాం. రాళ్ల మీది మంచె మాత్రం నిండు ట్యాంకుతో అలాగే నిలబడి ఉంది. రెండు కాళ్లు బెత్తెడు పక్కకు జరిగాయి, అంతే.

వంటామె కళ్లారా చూసిందట. "ఒకదిక్కు కాళ్లు లేశినయ్ సారూ, మళ్ల దిగినయ్. ఇంకోదిక్కు లేశినయ్. గట్ల నాలుగైదుసార్లు ఊగి ఆగింది" అంది.

వారం పాటు లెక్కలు వేశాను. రాళ్ల మీది మంచె కట్టె కొంత వంగింది, కాలు కొంత లేచింది. కాలు లేచాక కట్టె మీద అంతకుమించి భారం పడదు. నేను కాళ్లు కట్టేసిన మంచెకు లేచే దారి లేదు. అదురంతా కాళ్ల మొదళ్లలో, బోల్టుల దగ్గరే పడింది. తప్పు నా డ్రాయింగుదే. అదే రిపోర్టులో రాసి ఖమ్మం తీసుకెళ్లాను.

పై అధికారి చదివి కళ్లద్దాలు తీశాడు. "ఏందయ్యా, కట్టేసింది కూలింది, ఊగేది నిలబడ్డది అని రాస్తే నవ్వుతరు. రేపు అది ఊగి ఊగి బోర్లాపడితే ఎవడు పూచీ?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇంతకంటే గట్టిగా అదిరితే ఏమవుతుందో నాకూ పూర్తిగా తెలియదు. అదే నిజాయితీగా చెప్పాను. ఆయనకు అదే చాలింది. పనివాడి లోపం అని ఆయనే రాసి పంపాడు. పెద్దాయనకు ఇక పని ఇవ్వొద్దన్నాడు. నేను అరిచాను, బతిమాలాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

కనీసం పెద్దాయనకైనా నిజం చెప్పాలని గూడెం వెళ్లాను. తప్పు తనది కాదంటే నమ్మలేదు. "పాపమని అంటున్నవ్ సారూ. రంధ్రాలు నేనే సరిగ్గ కొట్టలే" అన్నాడు. ఆయన్ను నిలబెట్టి వెనక నుంచి మెల్లగా తోశాను. మడమలు లేచాయి, మళ్లీ దిగాయి. ఈసారి ఆయన పాదాలను నా పాదాలతో తొక్కిపట్టి తోశాను. ముందుకు పడబోతే పట్టుకున్నాను. "చూశావా?" అన్నాను గెలిచినట్టు.

"అవ్ సారూ. కానీ నేను మనిషిని. అది కట్టె."

తల బాదుకోవాలనిపించింది.

పది రోజుల తర్వాత హాస్టల్‌కి వెళ్తే ఆయన నా కోసమే ఎదురు చూస్తున్నాడు. కూలినదాని పట్టీలు, బోల్టులు ఏరుకొచ్చి, ఎవరూ అడక్కుండానే రాళ్ల చుట్టూ కాంక్రీటు పోసి, పాత మంచె కాళ్లన్నీ బిగించేశాడు. కింద పిల్లలు బకెట్లు పట్టుకుని వరసగా నిలబడ్డారు.

"ఊపు సారూ, ఎట్ల ఊగుతదో చూద్దాం. ఇగ మల్ల నన్ను పనికి పిలుస్తరు గదా?"

తోశాను. కదల్లేదు. పిల్లల్ని పక్కకు పంపి పానా అడిగాను. ఇంకా బిగిస్తానేమో అనుకుని సంతోషంగా ఇచ్చాడు. మొదటి నట్టు విప్పాను.

"నన్ను నమ్మనే నమ్మవా సారూ?"

"నువ్వు మొదట కట్టినదాన్నే నమ్ముతున్నా పెద్దాయనా" అన్నాను. ఆయన అప్పటికే సంచి భుజాన వేసుకున్నాడు.

ఎనిమిది బోల్టులూ తీసి మంచెను మళ్లీ తోశాను. ఊగింది. చూడమని పిలుద్దామని తల తిప్పేసరికి ఆయన మలుపు దాటాడు. తర్వాత నా సొంత పూచీ మీద ఎన్నిసార్లు కబురు పెట్టినా ఆయన పనిలోకి రాలేదు.