చల్లని తీగ మీద నా ప్రశ్న

నాలుగో తరగతితో బడి మానేసినా, పాత పుస్తకాలు తిరగేసి కరెంటు పని నేర్చుకున్నవాణ్ణి నేను. సోలాపూర్ భవాని పేట్‌లో పవర్‌లూమ్ మోటారు ఆగితే నలభై ఏళ్లుగా నన్నే పిలుస్తారు. కిందటేడు మా కులసంఘం హాల్లో పక్కింటి మల్లేశం మనవరాలు సుజాత తన పరిశోధన గురించి మాట్లాడింది. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచిన సూపర్‌కండక్టర్ తీగలో కరెంటు దాదాపు నష్టం లేకుండా పారుతుందట. నా పనికి ఏనాడూ కొట్టని చప్పట్లు ఆ పిల్లకు కొట్టారు. నాకు ఒళ్లు మండింది.

లేచి అడిగాను: "నీ తీగ చల్లగనే ఉంటది, సరే. బయటి రాగితీగకు అతికే కాడ ఏం జేస్తవ్? రాగి వెంబడి వేడి లోపటికి పోదా?"

సుజాత తన కాగితాలు ముందుకీ వెనక్కీ తిరగేసింది. నాకు లోపల పండగే.

"అరె, గప్ కూసో! చిన్నపిల్లతోని పంతమా?" అని మల్లేశం నన్ను కసిరాడు.

"ఆగు తాతా," అని అతన్ని వారించి సుజాత నావైపు తిరిగింది. "ఆ అతుకు కాడనే రెండేండ్ల సంది తిప్పలు పడుతున్న. ఎట్ల ఆపాల్నో నాకింకా తెల్వది. మీరెట్ల పట్టిన్రు, పెద్దతాతా?"

"పాత పడుగుకు కొత్త పడుగు అతికితే, పోగులు తెగేది ఆ ముడుల కాడనే గదా బిడ్డా," అన్నాను. ఆమె ఆ మాట రాసుకుంది. చప్పట్లు మళ్లీ ఆమెకే!

చప్పట్లు పోనీండి. నిండు సభలో "తెల్వది" అని తలెత్తుకుని చెప్పింది చూశారూ, దానికి నేనింకా కుళ్లుకుంటున్నాను. నలభై ఏళ్లలో ఎవరేమడిగినా, తెలియకపోయినా తెలిసినట్టే జవాబు చెప్పాను.