మూలపొయ్యికి గాజు తలుపులు

మీరు నవ్వుకుంటారనే రాస్తున్నాను గానీ, రాస్తుంటే నాకు మాత్రం ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. తిరుపతిలో మా ఇంటి వంటగదిలో, పట్టపగలు, మా హెడ్ క్లర్కు మునిరత్నంగారి కళ్ళెదుట నా పరువు పోయింది. దాన్ని నేనే స్వయంగా, కొలతలు తీసి మరీ పోగొట్టుకున్నాను.

అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. నేను తీసిన కొలతకు తిరుగులేదని నా గురించి నేనే చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. మా వీధిలో ఇంకా ఎవరికీ గ్యాసు లేదు. వంటంతా ఆగ్నేయ మూలన గోడలోకి కట్టిన కట్టెల పొయ్యి మీదే. పైన పొగగూడు ఉండేది గానీ, పొగ దాన్ని లెక్కచెయ్యకుండా తిన్నగా అమ్మ మొహం మీదికే వచ్చేది. కంటి డాక్టరు అమ్మను పరీక్ష చేసి, పొగకు దూరంగా ఉంచకపోతే చూపు దక్కదని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ రోజు నేను నిజంగా భయపడ్డాను. ఇంతవరకు నా తప్పేమీ లేదని దయచేసి గమనించండి.

ఆ నెలలోనే ఆఫీసు పని మీద హార్సిలీ హిల్స్‌కు వెళ్ళాను. అక్కడొక పాత బంగళాలో, గది మూలన, చలి కాచుకునే పొయ్యి ఉంది. దానికి రెండు గాజు తలుపులు. లోపల మంట భగభగమంటోంది, గదిలో పొగ వాసనైనా లేదు. ఇంకేముంది, అమ్మ కళ్ళు కాపాడే దారి దొరికిపోయిందనుకున్నాను.

కొండ దిగగానే కొలతలు మొదలుపెట్టాను. మంట ఉంటే టేపు కాలుతుందని, శుక్రవారం అమ్మ పొయ్యి అలికి, ముగ్గేసి, పసుపూ కుంకుమా పెట్టాక కొలిచాను. అదీ ఒకసారి కాదు, వరసగా మూడు శుక్రవారాలు. అమ్మ గడపలో నిలబడి చూసేది. ఏంది నాయనా ఇది అని అడిగితే, "నీకు అర్థం కాదులేమ్మా, అయినాక సూద్దువు" అన్నాను. ఆ క్షణాన ఎవరైనా నా నెత్తిన ఒకటి మొట్టి ఉంటే ఎంత బాగుండేది.

తర్వాత గాజు ఎంచుకోవడం. ఖాదరన్న అంగట్లో ఎక్కువగా దేవుడి పటాలకు అద్దాలు కోసేవాళ్ళు. పటం అద్దం మంటకు పగిలిపోతుందని, లోపల తీగ జల్లెడ ఉండే మందపాటి గాజు మద్రాసు నుంచి తెప్పిస్తానని ఆయన చెప్పాడు. అది ఆయన తెలివి. నా తెలివేమో అంచుకు ఏ బొమ్మ ఉండాలన్న దాని మీద పడింది. నెమళ్ళా, తామరలా అని వారం రోజులు ఊగిసలాడి, చివరికి తీగలూ పూలూ ఖాయం చేశాను. పిడులు ఇత్తడివి.

"వంట జరిగేటప్పుడు ఒకసారి వచ్చి సూసిపోతానప్పా" అన్నాడు ఖాదరన్న.

నాకు కోపం వచ్చింది. నా కొలత మీద అనుమానమా? ముందు నుంచీ, పక్క నుంచీ, పై నుంచీ గీసిన మూడు పటాలు ఆయన ముందు పరిచాను. ఆయన వాటిని చాలాసేపు చూసి, "కాగితం బాగుండాది" అని మాత్రం అన్నాడు.

తలుపులు బిగించిన రోజు మూసి చూస్తే సందులో కాగితం కూడా దూరలేదు. ఆ గొప్ప చూపించుకోవడానికే మునిరత్నంగారిని పిలిచాను. ఆయన పీట మీద కూర్చున్నాడు. అమ్మ మూడు తుమ్మకట్టెలు పెట్టి, ఊది, మంట రాజేసి, పాలగిన్నె ఎక్కించింది. నేను ఇత్తడి పిడి పట్టుకుని, "ఇప్పుడు చూడండి సార్" అని తలుపు మూయబోయాను. తలుపు సగం దాకా వచ్చి ఆగిపోయింది.

ఎందుకంటే కట్టెలు పొయ్యి బయటికి మూరెడు పొడుగున ఉన్నాయి. కట్టె కొస లోపల మండుతుంది, మిగతాదంతా బయటే ఉంటుంది, మండేకొద్దీ లోపలికి నెడతారు. ఈ సంగతి పొయ్యి పక్కన పడుకునే మా పిల్లికి కూడా తెలుసు.

"కట్టెలు లోపలికి దొబ్బప్పా" అని మునిరత్నంగారు సలహా ఇచ్చాడు. బలంగా నెట్టాను. అవి వెనకగోడకు తగిలి ఎగదన్నాయి, గిన్నె ఒరిగింది, సగం పాలు మంట మీద పడ్డాయి. ఎలాగో తలుపులు మూశాను. చక్కగా మూసుకున్నాయి. గాలి ఆడక మంట చచ్చి, గాజు వెనక అంతా తెల్లబడింది. ఏం జరిగిందోనని తలుపు తెరిచాను. లోపల కూడిన పొగంతా ఒక్కసారిగా మా ముగ్గురి మీదా పడింది. మునిరత్నంగారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

అమ్మ కొంగు కళ్ళకు అదుముకుని గోడవార కూర్చుంది. కళ్ళ నుంచి నీళ్ళు ఆగడం లేదు. ఇన్నేళ్ళ పొగ పొయ్యిది, ఈ పొగ నాది. సిగ్గుతో చచ్చిపోతూ కూడా తప్పు ఆమె మీదికే నెట్టబోయాను.

"మూడు వారాలు నేను కొలస్తా ఉంటే సూస్తానే ఉన్నావు గదమ్మా. ఒక్క మాట చెప్పకూడదా?"

"సదువుకున్నోడివి గదా నాయనా, కట్టె లేకుండా మంట వచ్చే ఉపాయమేదో కనిపెట్టినావనుకున్నా" అంది అమ్మ. "ఇరవయ్యారేండ్లు ఈ పొయ్యి మీద వండింది తిన్నోడికి కట్టె యాడుంటాదో తెలీదని నేనెట్లా అనుకుంటా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. ఉండి ఉంటే తట్టుకునేవాణ్ణి.

మర్నాడు తలుపులు ఊడదీశాను. మా ఇంటికి గ్యాసు వచ్చేదాకా రెండు పూటలా ఆ పొయ్యి ముందు నేనే కూర్చున్నాను. అమ్మ వసారాలో కూర్చుని ఉప్పెంతో, కారమెంతో చెప్పేది. ఆమె చూపు నిలిచింది. నేను వండిన సంగటి ఆమె తిన్నది, దాని రుచి గురించి ఎన్నడూ ఎవరితోనూ చెప్పలేదు.

కనుక, పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆరిన పొయ్యిని ఇక ఈ జన్మలో కొలవను.