గుర్రపు గడి

మా నాన్నకు ఇంగ్లీషు చదవడం రాదు. కానీ శనివారం పేపర్లో వేసే చదరంగం బొమ్మను మాత్రం నాకంటే బాగా చదివేవాడు. ఫిజీకి స్వతంత్రం వచ్చిన కొత్త రోజులవి. మేం లబాసాలో ఉండేవాళ్ళం, నాన్నకు చక్కెర మిల్లులో పని. పంచదార గోనె మీద బొగ్గుతో గీసిన గళ్ళు, తాత జామకర్రతో చెక్కిన పావులు, అదీ మా చదరంగం. "తెల్లది ఆడి గెలవాలి" అన్న ఒక్క ముక్క నేను చదివి పెడితే ఆయనకు చాలు. సరైన ఎత్తును పోస్టుకార్డు మీద రాసి పంపినవాళ్ళ పేర్లు మరుసటి వారం అచ్చువేసేవారు. ఒక్కసారైనా ఆ పేర్లలో తన పేరు చూడాలని ఆయన కోరిక. చూడటమంటే, నేను చదివితే వినడం.

ఆ వారం బొమ్మలో తెల్ల బంటు ఒకటి చివరి వరసకు ఒక్క గడి దూరంలో ఉంది. వదిలేస్తే నల్లవాడు తర్వాతి ఎత్తులోనే ఆట కట్టేస్తాడు. నాన్న మూడు రోజులు షిఫ్టు దిగి రాగానే గోనె ముందే కూర్చున్నాడు.

"కార్డు తీయ్ బేటీ. బంటు ముందుకి. గుర్రం అయితాది."

"గుర్రమా? మంత్రి కదా నాన్నా!"

"మంత్రి నై. ఆ గడి గుర్రానిది. గుర్రమే రాయి."

తాతలనాటి ఆటలో రూలు అది. బంటు ఏ పావు గడిలో చేరితే ఆ పావే అవుతుంది. నేను బళ్ళో నేర్చుకున్న ఆటలో ఏదైనా కావచ్చు. ఏదైనా కావచ్చన్నప్పుడు మంత్రిని వదిలి గుర్రాన్ని కోరుకునే తెలివితక్కువవాడెవడు? నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చేసరికి నాకు కళ్ళు నెత్తికెక్కాయి. తాతకు దగ్గులు నేర్పబోయాను. నాన్న పరువు కాపాడుతున్నాననుకుని కార్డు మీద మంత్రి అని రాసి, కింద ఆయన పేరు అందంగా దిద్దాను. ఆయనే స్వయంగా పోస్టులో వేసి, సాయంత్రం నలుగురూ చేరి యంగోనా వేరు రసం తాగే చోట అందరితో శనివారం చూడండని చెప్పొచ్చాడు.

శనివారం పేపరు విప్పాను. జవాబు గుర్రం. గుర్రమైతే అక్కడికక్కడే రాజుకు చెక్, ఆట కట్టు. మంత్రి అయితే చెక్ తగలదు, నల్లవాడు గెలిచేస్తాడు. చాలామంది మంత్రి అని రాసి తప్పారట. ఇద్దరి పేర్లే వేశారు.

"నా పేరుందా?"

"లేదు నాన్నా."

"జవాబు ఏంటంట?"

పేపరు మడిచేశాను. "మంత్రి" అన్నాను.

కోప్పడినా బాగుండేది. నవ్వాడు. "నువ్వు ముందే చెప్పినావు బేటీ. మాది పురానా రూల్. నీ మాట వినాల్సింది."

ఆ సాయంత్రం యంగోనాకు వెళ్ళలేదు. ఆ తర్వాత పోస్టుకార్డు అడగనూ లేదు. నా బతుకులో చాలా అబద్ధాలాడాను, వాటిలో వేటికీ ఇంత సిగ్గుపడను.

ఏళ్ళు గడిచాక సువాలో మా ఇంట్లో, ఊపిరి సరిగా ఆడని ఆయన చివరి రోజుల్లో, ఇద్దరం అదే గోనె మీద ఆడుతున్నాం. ఆయన బంటు సరిగ్గా గుర్రపు గడికే చేరింది. చెయ్యి అలవాటుగా గుర్రం మీదికి వెళ్ళి ఆగింది. ఇప్పుడైనా చెప్పేద్దామని నోరు తెరిచాను. అంతలో గుర్రాన్ని వదిలేసి మంత్రిని తీసి పెట్టాడు.

"చూసినావా, నేర్చుకున్నా" అన్నాడు.

"మంచి ఎత్తు నాన్నా" అన్నాను.